యాక్సెస్ ప్రోగ్రాం ఇవ్వాలంటే: సర్టిఫికెట్టా, ట్రస్టెడ్ లొకేషనా?

మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ యాక్సెస్‌లో బిల్లింగ్ ప్రోగ్రాం రాసి క్లయింట్ కంప్యూటర్లో తెరవగానే పైన పసుపు రంగు భద్రతా హెచ్చరిక పట్టీ వస్తుంది. ఈమెయిల్లో పంపిన ఫైలైతే ఎర్ర పట్టీయే రావచ్చు. 2022లో వచ్చిన ఈ మార్పులో 'ఎనేబుల్' బటన్ కూడా ఉండదు. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'అన్‌బ్లాక్' టిక్ పెట్టాలి. ఆ ఎరుపు చూసి క్లయింట్ "వైరస్సా అండీ?" అని ఫోన్ చేస్తాడు.

ఈ పట్టీలు రాకుండా చేయడానికి రెండు దారులు: ప్రోగ్రాం ఎవరిదో చెప్పే డిజిటల్ సంతకపు సర్టిఫికెట్, లేదా యాక్సెస్ నమ్మే ఫోల్డర్, అంటే ట్రస్టెడ్ లొకేషన్. సర్టిఫికెట్ దారిలో రెండు రకాలు. ఎంఎస్ ఆఫీసుతో వచ్చే చిన్న టూల్ సెల్ఫ్‌సెర్ట్‌తో ఉచితంగా, రెండు నిమిషాల్లో చేసుకోవచ్చు. కానీ అది మనకు మనం రాసుకున్న కాండక్ట్ సర్టిఫికెట్ లాంటిది, అవతలి కంప్యూటర్ నమ్మదు. అక్కడ కూడా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. గుర్తింపు ఉన్న సంస్థ దగ్గర కొంటే ఆ బాధ తగ్గుతుంది గానీ డబ్బు, కాగితాలు, గడువు రెన్యూవల్ తప్పవు. పైగా 2023 జూన్ నుంచి దాని ప్రైవేట్ కీని (సంతకం చేసే రహస్య కోడ్‌ని) యూఎస్‌బీ టోకెన్ లాంటి హార్డ్‌వేర్‌లోనే ఉంచాలి. ఇంకో చిక్కు: సంతకం చేసిన .accdc ప్యాకేజీ (యాక్సెస్ ఫైలును సంతకంతో కలిపి కట్టిన మూట) నుంచి ఫైలు బయటికి తీశాక, ఆ సంతకానికీ ఫైలుకీ సంబంధం ఉండదు.

ట్రస్టెడ్ లొకేషన్‌కి పైసా ఖర్చు లేదు. యాక్సెస్ ఆప్షన్స్‌లో ఉండే ట్రస్ట్ సెంటర్లో ఒక ఫోల్డర్ చేరిస్తే చాలు, అందులోంచి తెరిచిన ఫైలుకు పట్టీ రాదు. పది సిస్టమ్‌లుంటే ఇన్‌స్టాలర్‌తో ఈ సెట్టింగ్‌ని విండోస్ రిజిస్ట్రీలో (సెట్టింగులు దాచే చోట) రాయించవచ్చు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ని మాత్రం చేర్చకండి, అందులో పడే ప్రతి చెత్త ఫైలుకూ తలుపు తీసినట్టే.

ఒకే ఆఫీసులో వాడే ప్రోగ్రామైతే నా ఓటు ఫోల్డర్‌కే. ముక్కూమొహం తెలియని కొనుగోలుదార్లకు అమ్మేదైతే సెటప్ ఫైలుకు కొన్న సర్టిఫికెట్ వేయండి.