మళ్లీ బటన్ల బాటలో కార్లు: ఏ కంపెనీ ఎంతవరకు దిగొచ్చింది?

కొనేవాళ్లు పెద్ద స్క్రీన్ అడిగారు, కంపెనీలు ఇచ్చాయి. పనిలో పనిగా ఎవరూ అడగకుండానే ఏసీ, వాల్యూమ్ బటన్లు తీసేసి వాటినీ అందులోకే తోశాయి. ఒక్కో బటన్‌కీ అచ్చు, వైరు, బిగింపు ఖర్చు ఉంటుంది మరి. 2022లో స్వీడన్ పత్రిక వీ బిలాగరె గంటకు 110 కి.మీ. వేగంలో నాలుగు మామూలు పనులు చేయించి చూసింది. 2005 నాటి వోల్వో వీ70లో అవి 10 సెకన్లలో అయిపోయాయి. ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.6 సెకన్లు పట్టింది, అంటే దాదాపు 1,370 మీటర్ల ప్రయాణం.

ముందుగానే తేరుకున్నవాటిలో హోండా ఒకటి. 2016 సివిక్‌లో వాల్యూమ్ నాబ్ ఎత్తేసి, 2019 మోడల్‌లో తిరిగి పెట్టింది.

ఫోక్స్‌వాగన్‌ది మొండితనమే. గోల్ఫ్ 8లో ఉష్ణోగ్రత మార్చే టచ్ స్లైడర్‌కి లైటే లేదు, రాత్రిపూట తడుముకోవాలి. స్టీరింగ్ మీది టచ్ బటన్లు మలుపులో అరచేయి ఆనినా పనిచేసేవి. ఐడీ.3 కారు డ్రైవర్ తలుపుకి కిటికీ అద్దాల స్విచ్‌లు రెండే. వెనక తలుపు అద్దం దించాలంటే ముందు ‘రియర్’ తాకాలి. ఇదేం పొదుపో! 2024 గోల్ఫ్‌లో స్లైడర్‌కి లైటు, స్టీరింగ్‌కి అసలైన బటన్లు వచ్చాయి. స్లైడర్ మాత్రం పోలేదు, కాబట్టి సగం మార్కులే.

టెస్లా 2023 మోడల్ 3లో ఇండికేటర్ లివర్ తీసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టింది. రౌండ్‌అబౌట్‌లో చక్రం తిరిగి ఉంటే ఎడమ బటన్ ఏదో వెతుక్కోవాల్సిందే. 2025 మోడల్ వైలో లివర్ ఉంచేశారు.

2026 నుంచి ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే సంస్థ యూరో ఎన్‌క్యాప్ ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, ఎస్ఓఎస్ (అత్యవసర సాయం పిలుపు)లకు విడి స్విచ్‌లు చూసి మార్కులిస్తోంది. ఏసీ, వాల్యూమ్ ఆ జాబితాలో లేవు. వాటిని కొనేవాళ్లే పరీక్షించుకోవాలి: ఆగి ఉన్న కారులో చూపు ముందు అద్దం మీదే ఉంచి వాల్యూమ్ తగ్గించండి, ఫ్యాన్ పెంచండి, అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫాగర్ వేయండి. డీఫాగర్‌కి ఒక్క నొక్కుకు మించి పట్టకూడదు. తర్వాత స్క్రీన్ రీస్టార్ట్ చేయించి, అది మళ్లీ వెలిగేలోపు ఏసీ మార్చగలరేమో చూడండి.