నాన్న అరికాలి పుండుకు 14 నెలల వీడియో వైద్యం: మా అనుభవం

మాది వినుకొండ దగ్గర పల్లె. నాన్నకు ఇరవై ఏళ్లుగా షుగరు. నిరుడు బొటనవేలి మొదట్లో, అరికాలి కింద ఆనెకాయ పగిలి పుండు పడింది. గుంటూరులో డాక్టరు గారు మొదటిసారి నేరుగా చూశారు. చచ్చిన కండ తీసి, కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో పరీక్ష చేయించి, "ఇక వారం వారం ఫోన్లో చూస్తాను. రమ్మన్నప్పుడు మాత్రం ఆ రోజే రండి" అన్నారు.

మొదటి నెల మేం పంపిన ఫోటోలు దేనికీ పనికిరాలేదు. ట్యూబులైటు కింద తీస్తే ఎర్రటి కండ కూడా పాలిపోయినట్టు కనబడేది. అక్కడి నర్సమ్మ ఓపిగ్గా నేర్పింది. సెలైన్‌తో కడిగాక, పగటి వెలుతురులో కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, పుండు పక్కన కాగితం స్కేలు పెట్టి, ప్రతిసారీ అంతే దూరం నుంచి తీయాలి. నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికి తగ్గకపోతే వైద్యం మార్చే ఆలోచన చేస్తారట. స్కేలు లేని ఫోటోతో ఆ సంగతి తేలదు.

మాది తగ్గలేదు. కారణం నర్సమ్మే పట్టుకుంది. వీడియోలో కట్టు విప్పుతుంటే ఆపి, "బాబాయి గారూ, కట్టు అడుగున ఇంత మట్టేంటి? చెప్పు లేకుండా తిరుగుతున్నారా?" అని అడిగింది. నాన్న తల దించుకున్నాడు. తెల్లవారుజామున గొడ్ల పాక దాకా ఉత్త కాళ్లతో వెళ్లొస్తున్నాడు. పుండు మీద బరువు పడుతుంటే ఏ మందూ పనిచేయదని మళ్లీ మొదటినుంచీ చెప్పింది. పాక దగ్గర ఇంకో జత ఎంసీఆర్ చెప్పులు (షుగరు ఉన్నవాళ్ల పాదాలకు వాడే మెత్తటి రబ్బరు చెప్పులు) పెట్టాం. ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున శుభ్రంగా కొత్త కట్టు కట్టి తీసుకెళ్లేవాళ్లం, అక్కడైతే ఈ మట్టి ఎవరికీ కనిపించేది కాదు. నా దృష్టిలో ఈ పద్ధతికున్న అసలు విలువ ఇదే.

ఆరో నెలలో మాత్రం దెబ్బతిన్నాం. పుండు వాసన వేస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. ఫోటో బాగానే ఉందన్నారు కదా అని ఊరుకున్నాను. రెండు రోజులకు చలి జ్వరం. గుంటూరు పరుగెత్తాం, లోపల చీము పట్టింది, మళ్లీ కోసి శుభ్రం చేయాల్సి వచ్చింది. వాసన, వేడి, వాపు ఫోటోలో రావు. నల్లటి ఒంటి మీద ఎరుపు కూడా సరిగా తెలియదు. అప్పటినుంచి రోజూ రెండు పాదాలనూ అరచేతి వెనక భాగంతో తాకి చూస్తున్నాను. ఒకటి వేడిగా అనిపిస్తే తర్వాతి వీడియో దాకా ఆగకుండా ఫోన్ చేస్తాను.

సిగ్నల్ మాకు ఎప్పుడూ బాధే. ముందు ఫోటోలు పంపి, తర్వాత మామూలు కాల్‌లో మాట్లాడేవాళ్లం. ఖర్చు సంగతికొస్తే, గుంటూరు వెళ్లిరావడమంటే నాకు ఒక రోజు కూలి పోయేది, నాన్న పాదానికి రెండు పూటలా బస్సు తిప్పలు. పది నెలల్లో నాలుగుసార్లే వెళ్లాం.

పదో నెలలో పుండు పూడింది. అయినా వదల్లేదు. మానిన వాళ్లలో వందకు సుమారు నలభై మందికి ఏడాదిలోపే తిరగబెడుతుందని డాక్టరు గారు చెప్పారు. ఇప్పుడు నెలకోసారి వీడియో, రోజూ రాత్రి పడుకునేముందు నాన్న రెండు అరికాళ్లూ నా ఒళ్లో.