‘అమ్మా, చీమలు కుడుతున్నాయి’: బెంగళూరులో మెటల్ డాన్స్ ప్యాడ్ కొనబోయేవాళ్లు ముందు ఇది చదవండి

మా పాపకి ఐదేళ్లు. మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం కాళ్లు కడుక్కుని, తడి కాళ్లతోనే కొత్త డాన్స్ ప్యాడ్ (పాటకి తగ్గట్టు తెర మీద వచ్చే బాణం గుర్తుల్ని కాళ్లతో తొక్కి ఆడే పలక) ఎక్కింది. రెండడుగులు వేసి దిగిపోయి, "అమ్మా, చీమలు కుడుతున్నాయి" అంది. వంగి చూశా, ఒక్క చీమ లేదు. చెయ్యి తిప్పి వేళ్ల వెనక భాగం స్టీల్ అంచుకి ఆనిస్తే జివ్వుమంది. మా ఆయన టెస్టర్ తెచ్చి అదే అంచు మీద పెడితే లోపలి బుడ్డి దీపం ఎర్రగా వెలిగింది. 18,500 పోసి కొన్న వస్తువు. కొని సరిగ్గా తొమ్మిది రోజులు.

అమ్మినాయన పేరు, ఏరియా ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాశాను. ఆయన ఎలా అమ్మాడో, ఆ ప్యాడ్ పొట్టలో ఏం దొరికిందో మాత్రం పూసగుచ్చినట్టు చెప్తా. ఇలాంటివి తయారుచేసి అమ్మేది ఆయనొక్కడే కాదు మరి.

మాది హిందూపురం. పెళ్లయ్యాక బెంగళూరులో మున్నేకొళాల వచ్చి పడ్డాం. ఇంజనీరింగ్ రోజుల్లో మాల్ గేమ్ జోన్‌లో డాన్స్ మెషిన్ మీద నా పాకెట్ మనీ అంతా కరిగిపోయేది. ఇప్పుడు జిమ్‌కి ఏడాది డబ్బు కట్టి మూడు రోజులు వెళ్లే రకాన్ని. ఇంట్లోనే ఆడుకుందామని మొదట రెగ్జిన్ మ్యాట్ కొన్నా. టైల్స్ మీద అది జారుతుంది, పాటకి రెండుసార్లు వంగి సర్దుకోవాలి. సరే, మెటల్ ప్యాడ్ తీసుకుందాం అనుకున్నా.

తెలియనివాళ్లకి ఒక మాట. కొనామి కంపెనీ 1998లో జపాన్‌లో వదిలిన డాన్స్ డాన్స్ రివల్యూషన్‌లో నాలుగు యారోలు: ఎడమ, కుడి, ముందు, వెనక. కొరియా వాళ్ల పంప్ ఇట్ అప్‌లో ఐదు ప్యానెళ్లు: నాలుగు మూలలు, మధ్యలో ఒకటి. ఒకదాని ప్యాడ్ కొని రెండోది ఆడటం అయ్యే పని కాదు. మీరు ఆడేది ఏదో ముందే తేల్చుకోండి. ఆటకైతే ఖర్చు లేదు, స్టెప్‌మేనియా గానీ దాన్నుంచి పుట్టిన ఐటీజీమేనియా గానీ ఉచితంగా దించుకుని ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవచ్చు. డబ్బంతా ప్యాడ్‌కే. మోసం జరిగేదీ అక్కడే.

ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఫోన్ చేస్తే అవతల మన తెలుగాయన. నేను పడిపోయింది అక్కడే. ఈ ఊళ్లో ఏ షాపులోనైనా కన్నడ, హిందీ కలిపి నెట్టుకొస్తున్న నాకు, "అక్కా, మీకెందుకు, నేనున్నా కదా" అని ఎవరైనా అంటే ప్రాణం లేచొస్తుంది. షెడ్డుకి వెళ్తే నీలం, ఎరుపు ఎల్‌ఈడీలతో పెళ్లి మండపంలా వెలిగిపోతోంది ప్యాడ్. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ఫ్రేముకి పెట్టి వదిలేశాడు. కింద పడింది. "చూశారా, అతుక్కోదు. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్, జన్మలో తుప్పు పట్టదు" అన్నాడు. ఆ తర్వాత ఆయనే ఎక్కి ఒక పాట ఆడి చూపించాడు. నిదానమైన పాట, ఒక్కొక్క యారో మాత్రమే వచ్చే లెవెల్. అప్పుడది నాకు తట్టలేదు. అడ్వాన్స్ పదివేలు అక్కడే ఫోన్‌పే కొట్టేశా. మిగతాది ఇంటికి వచ్చాక. బిల్లు అడిగితే "జీఎస్టీ వేస్తే మీకే ఎక్కువ పడుతుందక్కా" అన్నాడు. వచ్చిన రోజు హాల్లో పెట్టి ఫొటో తీసి, "చాలా బాగుందండీ" అని వాట్సాప్‌లో పంపా కూడా. ఆ ఫొటో సంగతి చివర్లో చెప్తా.

మొదటి వారమంతా నన్ను నేనే తిట్టుకున్నా. ఎడమ, కుడి యారోలు కలిసి వచ్చిన ప్రతిసారీ ఒకటి పడదు. రెండు కాళ్లూ కలిపి దూకినా మిస్. వయసైపోయింది, టైమింగ్ పోయింది అనుకున్నా. స్టెప్‌మేనియాలో అన్నిటికంటే మంచి మార్కు పడాలంటే అడుగు అటూ ఇటూ 22.5 మిల్లీసెకన్ల లోపల పడాలి కాబట్టి తప్పు నాదే అని నమ్మడం తేలిక. ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నాడు: "ప్రాక్టీస్ చెయ్యాలక్కా."

ఒకరోజు మా ఆయన విండోస్‌లో రన్ బాక్స్ తెరిచి జాయ్.సీపీఎల్ అని కొట్టాడు. గేమ్ కంట్రోలర్లు చూపించే చిన్న కిటికీ వస్తుంది. అందులో ఒక చదరం, మధ్యలో ప్లస్ గుర్తు. ఎడమ ప్యానెల్ తొక్కితే గుర్తు ఎడమకి పోయింది. కుడి తొక్కితే కుడికి. రెండూ కలిపి తొక్కితే మధ్యలోనే కదలకుండా కూర్చుంది. అంటే కంప్యూటర్ దృష్టిలో నేనసలు ఏమీ తొక్కనట్టే. పాత గేమ్‌ప్యాడ్‌ని విప్పి దాని బోర్డు పెడితే ఇలాగే అవుతుంది. గేమ్‌ప్యాడ్ మీద బొటనవేలు ఒకేసారి ఎడమకీ కుడికీ పోలేదు కాబట్టి ఆ బోర్డుకి రెండు దిక్కులు కలిసి రావచ్చన్న ఊహే ఉండదు. డాన్స్ ఆటలో మాత్రం ఆ రెండూ కలిసి వస్తూనే ఉంటాయి. కాబట్టి మీరు వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. అదే కిటికీ తెరిచి ఎడమ–కుడి, ముందు–వెనక జంటలుగా తొక్కి చూడండి. నాలుగు యారోలకీ విడివిడిగా నాలుగు బటన్లు వెలగాలి. రెండు నిమిషాల పని. నాకెవరూ చెప్పలేదు.

మళ్లీ చీమల దగ్గరికి. నేనెప్పుడూ సాక్స్ వేసుకుని ఆడతా కాబట్టి తొమ్మిది రోజులు నాకు తెలియలేదు. ఆ రాత్రే ప్లగ్గులన్నీ పీకి, ప్యాడ్ తిరగేసి, అలెన్ కీతో అడుగు రేకు విప్పాం. పదహారు స్క్రూల్లో మూడింటికి తల అరిగిపోయి ఉంది. లోపల ఎల్‌ఈడీల కోసం 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని తక్కువ వోల్టులకి దించే సప్లై), రేకు డబ్బా లాంటిది, నేరుగా ఫ్రేముకే బోల్టు వేసి బిగించాడు. దానికి 230 వోల్టుల కరెంటు తెచ్చే వైరులో రెండే తీగలు, ఎర్త్ తీగ లేదు. ఎర్త్ గుర్తున్న స్క్రూ కింద ఖాళీ. ఆ రకం సప్లైకి ఎర్త్ ఇవ్వకపోతే కొద్దిపాటి కరెంటు దాని డబ్బాకి లీకవుతుంది, డబ్బా నుంచి ఫ్రేముకి, ఫ్రేము నుంచి మా పాప కాళ్లకి. ఆ రోజుకి చీమలే. వైరు పొర ఎక్కడైనా అరిగి ఫేజు ఫ్రేముకి తగిలి ఉంటే? చెమట కాళ్లతో, మెటల్ మీద? అది తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

డాన్స్ ప్యాడ్‌కి గోడ ప్లగ్గుతో పనే లేదు. యూఎస్‌బీలో వచ్చే 5 వోల్టులు చాలు, చిన్న ఎల్‌ఈడీ పట్టీ కూడా దాంతోనే వెలుగుతుంది. ప్యాడ్ నుంచి రెండో వైరు గోడ దాకా పోతుంటే ఇంకేమీ చూడకుండా వెనక్కి వచ్చెయ్యండి. (ఎస్‌ఎంపీఎస్ పీకేశాక కూడా ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు కాస్త చిమచిమ ఉండేది. అది రెండు పిన్నుల ఛార్జర్ వల్ల. ఛార్జర్ తీసి ఆడితే పోయింది. ఆ పాపం ఆయనది కాదు.)

విప్పాం కదా అని మిగతాదీ చూశాం. ఇలాంటి ప్యాడ్ పనిచేసే తీరు సులువే. పైన ఒక లోహపు రేకు, కింద ఒకటి, మధ్యలో స్పాంజి ముక్కలు. కాలు వేస్తే స్పాంజి నలిగి రెండు రేకులూ తగులుతాయి, కాలు తీస్తే విడిపోతాయి. ఆయన రేకులకి బదులు ఏసీ డక్టులకి అంటించే అల్యూమినియం టేపు వాడాడు. దానికి సోల్డరింగ్ పట్టదు. అందుకని వైరు కొస ఒలిచి టేపు కింద దూర్చి నొక్కేశాడు. టేపు జిగురులో కరెంటు పారదు, పైగా అల్యూమినియం మీద గాలి తగిలి ఏర్పడే పొరలోనూ పారదు. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి నొక్కితే ఒకసారి మోగుతుంది, ఒకసారి మోగదు. ఆర్కేడ్ మెషిన్లలో ఒక్కో యారో కింద నాలుగు అంచుల్లో నాలుగు సెన్సర్లుంటాయి. దీనికి నట్టనడుమ ఒక్క పట్టీ, అంతే. అందుకే మూల మీద కాలు పడితే పలకదు. స్పాంజి అప్పటికే చపాతీ అయిపోయింది.

వీడియో తీసి పంపితే పాపం మనిషి వెంటనే వచ్చాడు. సెన్సర్లు మార్చాలని ప్యాడ్ తీసుకెళ్లి, పన్నెండు రోజులు ఉంచుకుని, 3,500 తీసుకుని తెచ్చిచ్చాడు. నేనెందుకిచ్చానని అడక్కండి, మా అమ్మ అడిగింది చాలు. జూన్ వానలకి మూడు వారాల్లో కుడి యారో చచ్చిపోయింది, ముందు యారో ఎవరూ తొక్కకుండానే దానంతటది వెలగడం మొదలెట్టింది. విప్పితే పాత టేపు మీదే కొత్త టేపు. దాని కింద ఎత్తు కోసం ఒక రూపాయి బిళ్ల! కింద ఎత్తు వేసి సెన్సర్ సున్నితత్వం పెంచడం నిజానికి ఆటగాళ్లు చేసే పనే, తప్పేం లేదు. కానీ దానికి 3,500 తీసుకుని లోపల రూపాయి పెట్టడం...

పీన్యా పారిశ్రామిక వాడలో షీట్ మెటల్ పని చేసే మా పిన్ని కొడుకుని పిలిచా. మొదట అయస్కాంతం కథ విని పడీపడీ నవ్వాడు. "అక్కా, 202 గ్రేడ్ కూడా అతుక్కోదు. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన చవక రకం అది. తొందరగా తుప్పు పడుతుంది. అయస్కాంతంతో ఆ రెండింటికీ తేడా తెలీదు." అతుక్కుంటే అనుమానించాలి గానీ, అతుక్కోనంత మాత్రాన 304 అని కాదట. గ్రేడు బిల్లు మీద రాసివ్వమంటే అసలు రంగు బయటపడుతుంది. నా ప్యాడ్‌కి వెల్డింగుల దగ్గర అప్పటికే ఎర్ర చుక్కలు లేచాయి. పైపలక అక్రిలిక్, స్క్రూ రంధ్రం దగ్గర పగులు. పాలీకార్బొనేట్ అయితే వంగేదే తప్ప అలా పగిలేది కాదన్నాడు.

ఇద్దరం శనివారం ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్లాం. ప్యాడ్‌లోని పాత బోర్డుకి బదులు షాపతను ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు చేతిలో పెట్టబోయాడు. దాని ప్రధాన చిప్పు కంప్యూటర్‌తో నేరుగా జాయ్‌స్టిక్‌లా మాట్లాడదు. ఏటీమెగా 32యూ4 చిప్పున్న ప్రో మైక్రో అడిగి తీసుకున్నాం. యారోకి ఒక పిన్ను, రెండో వైపులన్నీ కలిపి గ్రౌండుకి. టేపంతా గీకి పారేసి పల్చటి ఇత్తడి రేకులు కత్తిరించి, వాటర్ పేపర్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వైర్లు సోల్డర్ చేశాడు. ఒంటి తీగ వైరు కాదు, చాలా పోగులున్నది. అడుగుల అదురుకి ఒంటి తీగ నెల తిరక్కుండా తెగుతుందట. అంచుల చుట్టూ కొత్త ఈవీఏ ఫోమ్ టేపు. మొత్తం రెండు వేల చిల్లర, ఒక రోజు పని, మా వాడికి బిర్యానీ. బరువుకి రెసిస్టెన్స్ మారే పల్చటి ఎఫ్‌ఎస్‌ఆర్ సెన్సర్లు పెడితే ఇంకా మేలు, ఎంత గట్టిగా తొక్కితే పడాలో కంప్యూటర్‌లోనే మార్చుకోవచ్చు. అది తర్వాత చూస్తాం.

బడ్జెట్ ఉన్నవాళ్లు పోలండ్‌లో ఎల్-టెక్ వాళ్లు చేసే ప్యాడ్లు చూడండి. షిప్పింగు, కస్టమ్స్ కలిపి లెక్కేసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. ఇక్కడే చేయించుకుంటే మాత్రం ముందు అడుగు రేకు విప్పి చూపించమనండి. "సీల్ పోతుంది, వారంటీ పోతుంది" అన్నాడంటే చూపించడానికి లోపల ఏమీ లేదన్నమాటే. అపార్ట్‌మెంట్ వాళ్లు కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని కింద జిమ్ రబ్బరు మ్యాట్ వేసుకోండి. మా కింద ఫ్లోర్ ఆంటీ ఇప్పుడు మళ్లీ పలకరిస్తున్నారు.

డబ్బు సంగతి. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశా. బిల్లు లేదు కాబట్టి నా చేతిలో ఉన్నవి యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ చాట్, మేం తీసిన వీడియోలు. అవి చాలా పనికొచ్చాయి, ఏదీ డిలీట్ చెయ్యకండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే కేసు వేయొచ్చు అని ఆయనకి మెసేజ్ పెట్టిన మర్నాడు నాలుగు వేలు వెనక్కొచ్చాయి. దాంతోపాటు "తెలుగోళ్లమై ఉండి ఇలా చేస్తారనుకోలేదక్కా" అని ఒక మెసేజ్.

ఇక ఊరుకుందాం అనుకున్నా. మొన్న తమ్ముడు ఒక లింక్ పంపాడు. అదే ప్రకటన. ధర 21,000 చేశాడు, "ఫ్యామిలీ సేఫ్" అని కొత్తగా రాశాడు. ఫొటో మా హాలుది, మొదటి రోజు నేను పంపినదే. కింద మూలన మా పాప పసుపు చెప్పు ఒకటి కనిపిస్తోంది.