కాజాలో వేడి గది, కిబ్బర్‌లో చల్లటి కొట్టు

మంచు చిరుత ఫొటోల కోసం ఫిబ్రవరిలో నేనూ మా బావా హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్ళాం. సిమ్లా, రికాంగ్ పియో, టాబో మీదుగా కాజా దాకా ప్రయాణం హాయిగా సాగింది. చలికాలంలో కుంజుమ్ కనుమ మూసి ఉంటుంది కాబట్టి మనాలి వైపు నుంచి వెళ్దామనుకోకండి.

కాజాలో దిగిన లాడ్జి మీద మాత్రం నా కోపం ఇంకా తగ్గలేదు. గది రోజుకు 2,800 రూపాయలు. "హీటర్ ఉంది, 24 గంటలూ కరెంటు ఉంటుంది, ఎన్ని బ్యాటరీలైనా చార్జింగ్ పెట్టుకోండి" అని ఫోన్‌లో యజమాని నమ్మకంగా చెప్పాడు. మేము దిగిన సాయంత్రం ఆరింటికే కరెంటు పోయింది. జనరేటర్ వేస్తే గంటకు 300, బ్యాటరీకి 100 చొప్పున విడిగా కట్టమన్నాడు. ఆరు బ్యాటరీలకు, రెండు గంటల జనరేటర్‌కు కలిపి 1,200 వదిలాయి.

డబ్బు పోతే పోయింది, అసలు నష్టం ఆ హీటర్ వల్ల జరిగింది. అది గ్యాస్ సిలిండర్ హీటర్. గ్యాస్ మండితే వేడితో పాటు నీటి ఆవిరీ వస్తుంది. కిటికీ అద్దం లోపలివైపు నీళ్ళు ధార కట్టడం చూసైనా మేము జాగ్రత్త పడాల్సింది. బయట మైనస్ 20లో రెండు గంటలు తిరిగొచ్చిన బావ కెమెరాను నేరుగా మంచం మీద పెట్టాడు. నిమిషంలో లెన్సంతా తెల్లబడింది. పైతడి తుడిచాడు కానీ లోపలి అద్దాల మధ్య చేరిన తేమ పోలేదు. పొద్దున్నే బయటికి తీసుకెళ్తే అది గడ్డకట్టి జూమ్ రింగ్ బిగుసుకుపోయింది. "చలికి అంతే సార్" అన్నాడు యజమాని. చలి ఏ పాపమూ చేయలేదు. చల్లటి కెమెరాను తడిగాలి ఉన్న వేడి గదిలోకి తేవడం వల్లే ఇదంతా. బావ ఆ రోజు అన్నం ముట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

కాజా నుంచి కిబ్బర్ అనే ఊరికి వెళ్ళాం. అక్కడ హోమ్‌స్టే మనిషికి 1,500, మూడు పూటలా భోజనంతో. ఊరు 4,200 మీటర్ల పైనే. కెమెరాలతో గడప దగ్గరికి రాగానే ఆ ఇంటి పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టి, పక్కన కట్టెలు పేర్చిన కొట్టు చూపించింది. కెమెరాలు అక్కడే పడుకోవాలట, బ్యాటరీలూ మెమరీ కార్డులూ మాత్రం మాతో లోపలికి రావచ్చట. ఎంతమంది ఫొటోగ్రాఫర్లను చూసిందో ఏమో, మాకు ఎవరూ చెప్పని సంగతి ఒక్క చేతి సైగతో తేల్చేసింది. లోపలికి తేవాల్సి వస్తే బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి చొరకుండా మూతి బిగించండి. తేమ సంచి మీద పడుతుంది. రెండు మూడు గంటల దాకా విప్పకండి.

బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. 20 శాతం చూపించిన బ్యాటరీ అరగంట చంకలో పెట్టుకుంటే మళ్ళీ 60 చూపించింది. కానీ వెచ్చబడే దాకా చార్జింగ్ పెట్టకండి, సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే బ్యాటరీ పాడవుతుంది. కెమెరాకు కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ మీద ఊపిరి తగిలితే అక్కడికక్కడే గడ్డకడుతుంది, పక్కకు తిరిగి వదలండి.

నాలుగో రోజు లోయ అవతలి రాతి అంచు మీద చిరుత కనిపించింది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ చెప్పినట్టు తీస్తే మంచు బూడిద రంగులో వస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పైనే, అంటే వెలుతురు రెట్టింపు పైనే పడేలా పెంచాను. నాలుగు ఫ్రేములకే బ్యాటరీ చచ్చింది. జేబులో ఉన్న వెచ్చటిది వేసి, కెమెరా బావ చేతికిచ్చాను. అయిదు నిమిషాలు తీశాక నా వైపు తిరిగాడు.

"తోక చూశావా, దాని ఒంటికంత పొడవుంది" అన్నాడు. కాజా వదిలాక బావ తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే.