నెట్‌వర్క్ స్విచ్‌ల మధ్య 10 గిగాబిట్ లింకు: ఫైబర్ మాడ్యూలా, డాక్ కేబులా?

మాడ్యూలంటే స్విచ్ పోర్టులో దూర్చి, ఫైబర్ తగిలించే చిన్న లేజరు పరికరం. ఖర్చు చూస్తే, రెండు చివర్లా కనెక్టర్లు అతికించి వచ్చే రాగి డాక్ (డైరెక్ట్ అటాచ్) కేబులే చవక. కరెంటు వాడకమూ నామమాత్రమే.

దూరంలో పోలికే లేదు: మామూలు డాక్ 7 మీటర్లకు మించి పనికిరాదు, ఎస్‌ఆర్ (తక్కువ దూరాల రకం) మాడ్యూలు కూడా ఓఎం3 రకం ఫైబర్‌పై 300 మీటర్లు అందుకుంటుంది.

అసలు తేడా బిగించడంలో, తీయడంలో ఉంది. డాక్‌ను క్లిక్‌మనే దాకా తోయాలి, తీసేటప్పుడు ట్యాబ్ పట్టి లాగితే చాలు. మాడ్యూలునైతే ముందు ఫైబర్ ఊడదీసి, రెండింటికీ దుమ్ము మూతలు పెట్టి, ముందున్న తీగ పిడిని వాల్చి, ఆ తర్వాతే నిదానంగా బయటికి లాగాలి; స్విచ్ ఆపనక్కర్లేదు గానీ, మాడ్యూలు నోట్లోకి తొంగిచూడకూడదు, ఎందుకంటే 850 నానోమీటర్ల ఆ లేజరు కంటికి దాదాపు కనిపించదు.

పాడైతే డాక్‌ను మొత్తం మార్చాలి. ఫైబర్‌లో చెడిన భాగం మారిస్తే సరిపోతుంది. (చాలాసార్లు తప్పు మాడ్యూలుది కాదు, తుడవని కనెక్టరుది.)

ఒకే ర్యాకులోని స్విచ్‌లకు డాక్ సరిపోతుంది. ర్యాకు దాటినా, రెండు స్విచ్‌లు వేర్వేరు కంపెనీలవైనా, ఏ చివర దానికి తగ్గ మాడ్యూలు పెట్టుకోగల ఫైబరే నయం.