యూడైస్ ప్లస్ రిపోర్ట్ కార్డులో హైదరాబాద్ సర్కారు బడులు: కొన్నేళ్లు వాడాక

బస్తీలోని సర్కారు బడి గురించి తెలుసుకోవడానికి కేంద్ర విద్యాశాఖ వారి యూడైస్ ప్లస్ కార్డు, అంటే ఒక్కో బడిలోని పిల్లలు, టీచర్లు, వసతుల లెక్కలు ఆన్‌లైన్‌లో చూపే పత్రం, బాగా పనికొస్తుంది. ఓపిగ్గా చదవాలి, అంతే.

పేరుతో వెతక్కండి, ఒకేలాంటి పేర్లున్న జీపీఎస్‌లు (సర్కారు ప్రైమరీ బడులు) చాలా ఉన్నాయి. బడిలో అడిగి 11 అంకెల కోడ్ తీసుకోండి. తెలంగాణవి 36తో మొదలవుతాయి. కూకట్‌పల్లి బడిని హైదరాబాద్ జిల్లాలో వెతికితే దొరకదు, మేడ్చల్ మల్కాజిగిరిలో చూడాలి. ఒకే ఆవరణలో తెలుగు, ఉర్దూ మీడియం బడులు వేరువేరు కోడ్‌లతో నడిచే చోట ఉన్న టాయిలెట్లే రెండు కార్డుల్లోనూ లెక్కకెక్కే వీలుంది. అక్కడ పిల్లల సంఖ్యలు కలిపి, టాయిలెట్లను మాత్రం స్వయంగా చూసి లెక్కపెట్టండి.

ఎక్కువమంది పొరబడేది ఒక్కో టీచరుకు ఎందరు పిల్లలన్న నిష్పత్తి దగ్గర. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 61 నుంచి 90 మందికి ముగ్గురు టీచర్లు. 84 మంది పిల్లలుంటే ఒక్కొక్కరికి 28 మంది, కాగితం మీద భేషుగ్గా ఉంటుంది. కానీ తరగతులు ఐదు! ఒకరు డిప్యుటేషన్ మీద (తాత్కాలికంగా వేరే చోట పనికి) వెళ్తే ఇద్దరే ఐదు తరగతులూ చూడాలి. అదే బడిలో రెండు మీడియాలుంటే పరిస్థితి ఇంకా కష్టం. అందుకే నిష్పత్తి పక్కన పెట్టి, తరగతులెన్ని, రోజూ వచ్చే టీచర్లెందరు అని అడగండి.

నిరుటి మూడో తరగతి సంఖ్యను ఈ ఏటి నాలుగో తరగతితో పోల్చండి. బాగా తగ్గితే కారణం కనుక్కోవాలి. కూలి పనికి వచ్చిన కుటుంబాలు పని అయిపోగానే వేరే చోటికి మారతాయి, అది టీచర్ల తప్పు కాదు. అమ్మాయిలు మరీ ఎక్కువుంటే, అబ్బాయిలను ఫీజుల బడికి పంపుతున్నారేమో విచారించండి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ గడులు ఆ బడి ఎవరికి ఆసరాగా ఉందో చెబుతాయి. వాటిని బట్టి చదువు నాణ్యతను అంచనా కట్టడం ఆ పిల్లలకు అన్యాయం.

నేర్చుకున్నదెంతో ఈ కార్డు చెప్పదు. పిల్లలు ఎంత నేర్చుకున్నారో దేశమంతా చూసిన 2021 నాటి న్యాస్, 2024 నాటి పరఖ్ సర్వేలు ఎంపిక చేసిన కొన్ని బడుల్లోనే పెట్టిన పరీక్షలు, వాటిలో మీ బడి మార్కు దొరకదు. హైస్కూలైతే పదో తరగతి పాస్ శాతంతో పాటు ఎంతమంది రాశారో, నిరుడు తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారో అడగండి. ప్రైమరీ అయితే హెడ్మాస్టరు అనుమతితో మూడో తరగతి పిల్లల చేత రెండో తరగతి వాచకంలో ఒక పేజీ చదివించి, 52లోంచి 27 తీసేయమనండి.