కోబియా వేటకు 110 సెంటీమీటర్ల టేకు స్పియర్ గన్: ఆరు సీజన్ల తర్వాత

అమెరికాలో ఫ్లోరిడాలోని టాంపా దగ్గర మెక్సికో గల్ఫ్ నీళ్లలో ఊపిరి బిగబట్టి దిగి కోబియా అనే పెద్ద సముద్రపు చేపను వేటాడటానికే, రబ్బర్ల బలంతో బాణం విసిరే ఈ గన్ కొన్నాను. పెద్ద చేప కదా, దూరం నుంచి కొట్టాలి, 130 సెంటీమీటర్లది తీసుకో అని చాలామంది చెప్పారు. కోబియా దగ్గర ఆ లెక్క పనికిరాదు. పెద్ద స్టింగ్‌రే చేప వెనకో తాబేలు పక్కనో తిరిగే ఈ చేప, మనం దిగితే ఎవరా అని చూడటానికి తనే దగ్గరికొస్తుంది. నేను కొట్టినవన్నీ మూడు మీటర్ల లోపే. మసక నీళ్లలో పొడవాటి గన్ తిప్పేలోపు అది పక్కకు మళ్లిపోతుంది కూడా.

కర్ర బరువుగా ఉండటంతో రెండు రబ్బర్లతో కొట్టినా చేతికి ఎదురు తన్నదు. గురి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా దానితో వచ్చిన బాణం మీదే. కొన్న రెండో ఏడాది మేలో ఓ పెద్ద చేపకు తగిలింది. అది గిరగిరా తిరిగి బాణాన్ని వంచేసింది, కండ చీల్చుకుని గాయంతోనే వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెంటనే స్లిప్ టిప్‌కు, అంటే ఊడి వచ్చే మొన ఉన్న బాణానికి మారాను. దీని మొన బాణం నుంచి ఊడిపోయి, చేపకు అవతలి వైపు అడ్డంగా తిరిగి చిన్న స్టీల్ తీగకు వేలాడుతుంది. ఇక చేప ఎంత మెలికలు తిరిగినా బాణం గాయాన్ని పెద్దది చేయదు. గన్ మీది రీల్ (తాడు చుట్ట) తీసేసి ఫ్లోట్ లైన్, అంటే నీటిపై తేలే బోయా ఉన్న తాడు కట్టాను. చేప బోయాను లాక్కుంటూ పోతుంది, నేను టెన్షన్ లేకుండా పైకొచ్చి ఊపిరి తీసుకుంటాను. నాతో వేటకొచ్చే జోడీ ఎప్పుడూ పైనే ఉండి చూస్తుంటాడు. అప్పటి నుంచి ఒక్కటీ గాయంతో పోలేదు.

ఫ్లోరిడాలో కోబియా ముక్కు నుంచి తోక చీలిక వరకు కనీసం 36 అంగుళాలు ఉండాలి, మనిషికి రోజుకు ఒక్కటే. నీళ్లలో ఏదైనా ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది కాబట్టి గన్ మీద 36 అంగుళాల (దాదాపు 91.5 సెంటీమీటర్ల) దగ్గర తెల్ల గీత గీసుకున్నాను. అనుమానం ఉంటే కొట్టను.

రబ్బర్లు ఏడాదికోసారి మార్చాలి, ఎండకు పగుళ్లొస్తాయి. వేట అయ్యాక మంచినీళ్లతో కడగాలి, ట్రిగ్గర్‌లో ఇసుక చేరితే పట్టేస్తుంది. కర్రకు అప్పుడప్పుడు టేకు నూనె రాస్తే చాలు.

రాళ్ల సందుల్లో ఉండే గ్రూపర్ చేప కోసమైతే మాత్రం ఇది కొనకండి. అక్కడికి 75 సెంటీమీటర్ల గన్ హాయిగా సరిపోతుంది.